బన్నుల జాతరకి దారెటు?

(పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు)

ప్రశ్న: గత సంచికలో ఒక ఫొటో వేశారు. అయిదారేళ్ల పాప విసనకర్ర కొన మీద నిలబడి, జనం తలల మీదుగా తేలిపోతున్నట్టు ఉంది. కింద ‘హాంకాంగ్ బన్నుల జాతర’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అది ఏ దేవుడికి చేస్తారు? ఎప్పుడు? ఆ పాప పడిపోదా?
– రిటైర్డ్ టీచరమ్మ, బొబ్బిలి

జవాబు: ముందు పాప సంగతి చెప్తాం, అమ్మా. పడిపోదు. ఆ పాప నిలబడి లేదు, కూర్చుని ఉంది. బట్టల లోపల ఇనుప చట్రం ఉంటుంది. దాంట్లో చిన్న పీటలాంటి చోటు మీద కూర్చోబెట్టి, నడుముకి పట్టీ బిగించి, పైన పొడవాటి వేషం తొడుగుతారు. బయటికి కనిపించే విసనకర్రో కత్తో ఆ చట్రాన్ని కప్పే అలంకారం. కిందున్న చక్రాల బండిని పెద్దలు తోసుకుంటూ పోతారు. విజయనగరంలో పైడితల్లి సిరిమాను చూసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు. మాను చివర కుర్చీలో పూజారి గాలిలో సాగుతుంటే కింద జనం దండం పెట్టుకుంటారు కదా, ఇక్కడ ఆ చోట పసిపిల్లలు ఉంటారు. పురాణ పాత్రల వేషాలతో పాటు ఆ ఏడాది వార్తల్లోకెక్కిన మనుషుల వేషాలూ వేస్తారు.

జాతర జరిగేది హాంకాంగ్ నగరంలో కాదు, దానికి నైరుతి దిక్కున సముద్రంలో ఉన్న చెంగ్ చౌ అనే చిన్న దీవిలో. రెండున్నర చదరపు కిలోమీటర్లకి లోపే ఉంటుంది. జాలర్ల ఊరు. దేవుడి పేరు పాక్ తాయ్, జాలర్లని కాపాడే దేవుడు. గుడి 1783 నాటిది. పూర్వం దీవిలో మహమ్మారి చెలరేగితే ఈ దేవుణ్ని వీధుల్లో ఊరేగించారనీ, రోగం పోయిందనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మన పల్లెల్లో అమ్మవారి జాతరలకి చెప్పే కథ కూడా ఇదే కదా. దిక్కులేకుండా పోయిన ఆత్మలకి శాంతి చేయడం, బన్నులు నైవేద్యం పెట్టడం ఇందులో ముఖ్యం. 2011లో చైనా దీన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

తేదీ ఏటా మారుతుంది. చైనా చాంద్రమానంలో నాలుగో నెల ఎనిమిదో రోజు అసలు పండుగ, అదే రోజు అక్కడ బుద్ధ జయంతి సెలవు. మన పంచాంగంలో చాలా ఏళ్లు వైశాఖ శుద్ధ అష్టమికి అటూ ఇటూగా పడుతుంది. అధికమాసాలు మనకీ వాళ్లకీ ఒకేలా రావు కాబట్టి పంచాంగం చూసి టికెట్ కొనకండి. 2026లో మే 24, ఆదివారం. మనకి అది అధిక జ్యేష్ఠం. 2027లో మే 13, గురువారం. ఆ ఏడాది మన బౌద్ధ పూర్ణిమ తేదీని హాంకాంగ్ బుద్ధ జయంతి అనుకుని బుక్ చేసుకుంటే, మీరు దిగేసరికి జాతర అయిపోయి వారం అవుతుంది.

ప్రశ్న: హాంకాంగ్‌కి వీసా అక్కర్లేదని ఒకరు, కావాలని ఒకరు అంటున్నారు. మా ఊళ్లో ఒక ఏజెంటు ‘పర్మిషన్’ తీయడానికి మనిషికి మూడు వేలు అడిగాడు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఇవ్వొద్దు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు చూడటానికి వెళ్తే వీసా అవసరం లేదు. కానీ బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దాన్ని ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్ అంటారు. 2017 జనవరి నుంచి తప్పనిసరి. పూర్తిగా ఉచితం. చిరునామా చివర ‘గవ్ డాట్ హెచ్‌కె’ అని ఉండే హాంకాంగ్ ప్రభుత్వ సైట్లోనే చేయాలి. డబ్బు అడిగిన సైటు ఏదైనా సరే, అది ప్రభుత్వానిది కాదు. ఫలితం మామూలుగా అప్పటికప్పుడే తెరమీద వస్తుంది. ఆమోదం వస్తే ఆరు నెలలు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 14 రోజుల దాకా ఉండొచ్చు. వచ్చిన చీటీని తెల్ల ఎ4 కాగితం మీద ప్రింట్ తీసి, సంతకం పెట్టి, పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోవాలి. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

మనవాళ్లకి దెబ్బ తగిలేది పేరు దగ్గర. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు ‘సర్‌నేమ్’ గడిలో ఉంటుంది. కొందరికి ఆ గడి ఖాళీ, ఇంటిపేరు కూడా ‘గివెన్ నేమ్’లోనే కలిసిపోయి ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం అక్షరం అలాగే కొట్టాలి. ఆధార్‌లో ‘అప్పలనాయుడు’ అని కలిపి, పాస్‌పోర్టులో ‘అప్పల నాయుడు’ అని విడగొట్టి ఉంటే పాస్‌పోర్టుదే లెక్క. విమాన టికెట్ మీద కూడా అదే పేరు ఉండాలి. పాస్‌పోర్టు నంబర్లో సున్నా, ‘ఓ’ అక్షరం తారుమారు కావడం రెండో తప్పు. ఈ తప్పులు హాంకాంగ్‌లో కాదు, ఇక్కడే చెక్-ఇన్ కౌంటర్ దగ్గర బయటపడతాయి. రాత్రి పదింటికి అక్కడ సరిచేసుకోవడం చాలా కష్టం.

నమోదుకి ఆమోదం రాకపోతే మళ్లీ మళ్లీ కొట్టుకుంటూ కూర్చోవద్దు. అప్పుడు మామూలు వీసాకి దరఖాస్తు చేయాలి, దానికి వారాలు పడుతుంది. అందుకే టికెట్ కొనే ముందే నమోదు చేసుకోండి.

అక్కడ దిగాక పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. చిన్న కాగితం ముక్క ఇస్తారు. మీరు ఎప్పటిదాకా ఉండొచ్చో దాని మీదే ఉంటుంది, పారేయకండి. ఇంకో మాట: ఖైనీ, గుట్కా, వేప్‌లు (ఎలక్ట్రానిక్ సిగరెట్లు) హాంకాంగ్‌లోకి తీసుకెళ్లడం నేరం. సంచి అడుగున మర్చిపోయిన ఒక్క పొట్లం కూడా ఇబ్బంది పెడుతుంది.

ప్రశ్న: విజయనగరం నుంచి ఆ దీవి దాకా ఎలా చేరుకోవాలో మెట్టు మెట్టుగా చెప్పండి. నేనూ, మా ఆవిడా వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరికీ అరవై దాటాయి. చైనా భాష ఒక్క ముక్క రాదు.
– ఒక పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: మీకు చైనా భాష రాకపోయినా ఫరవాలేదు, బోర్డులన్నీ ఇంగ్లీషులో కూడా ఉంటాయి. దీవి పేరు పలకడం కష్టమనిపిస్తే ఆ పేరు చైనా లిపిలో ఫోన్లో పెట్టుకుని చూపించండి.

మన దగ్గర నుంచి హాంకాంగ్‌కి సింగపూర్ మీదుగా వెళ్లొచ్చు, లేదా ఢిల్లీ, ముంబై లాంటి చోట్లకి వెళ్లి అక్కడి నుంచి నేరుగా ఎక్కొచ్చు. సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. చవగ్గా వస్తోందని విడివిడిగా కొంటే, సింగపూర్‌లో సామాను తీసుకుని బయటికొచ్చి మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి రావచ్చు. బయటికి రావాలంటే సింగపూర్ వీసా కావాలి. ఆ వీసా లేదని ఇక్కడే విమానం ఎక్కనివ్వరు. అలాగే టికెట్ మీద విశాఖ పాత విమానాశ్రయమా, భోగాపురమా అన్నది ఒకటికి రెండుసార్లు చూసుకోండి. విజయనగరం నుంచి ఒకటి దగ్గర, ఒకటి దూరం.

హాంకాంగ్ విమానాశ్రయంలో దిగగానే ఆక్టోపస్ కార్డు కొనుక్కోండి. రైలు, బస్సు, లాంచీ అన్నింటికీ ఆ ఒక్క కార్డు తాకిస్తే చాలు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు, గడియారం మార్చుకోండి. లాంచీ తప్పిపోయేవాళ్లలో కొందరికి ఇదే కారణం.

విమానాశ్రయం నుంచి లాంచీల రేవులున్న సెంట్రల్ అనే చోటికి చేరాలి. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైలు 24 నిమిషాల్లో అక్కడి హాంకాంగ్ స్టేషన్‌లో దింపుతుంది, ఖరీదెక్కువ. ఎస్1 బస్సెక్కి తుంగ్ చుంగ్ స్టేషన్‌కి వెళ్లి, అక్కణ్నుంచి మెట్రోలో వస్తే చాలా తక్కువలో అయిపోతుంది. ఆ మెట్రో కూడా ఇదే హాంకాంగ్ స్టేషన్‌కే వస్తుంది. ఒక అరగంట ఎక్కువ పడుతుంది, అంతే. పెద్ద సూట్‌కేసులు ఉంటే రైలు, భుజాన బ్యాగులే అయితే బస్సు మా సలహా.

స్టేషన్లో ‘ఎ2’ అని రాసిన దారిలో బయటికి రండి. అక్కణ్నుంచి కప్పు ఉన్న పాదచారుల వంతెన రేవుల వైపు తీసుకెళ్తుంది, పది నిమిషాల నడక. సముద్రం అంచున రేవులు వరసగా ఉంటాయి, ఒక్కోదాని నెత్తిన పెద్ద అంకె. మీకు కావలసింది 5. పక్కనే 4వ నంబరు నుంచి లామా దీవికి, 6వ నంబరు నుంచి మ్యూయ్ వో, పెంగ్ చౌ దీవికి లాంచీలు వెళ్తాయి. పెంగ్ చౌ, చెంగ్ చౌ పేర్లు వినడానికి ఒకేలా ఉండటంతో పొరపాటున 6లోకి దూరేవాళ్లు ఉంటారు. చెవిని నమ్మకండి, అంకె చూడండి.

5వ రేవులో రెండు రకాల లాంచీలు. మామూలు లాంచీకి 55 నుంచి 60 నిమిషాలు, వేగం లాంచీకి 35 నుంచి 40. సుమారు అరగంటకొకటి ఉంటుంది. జాతర రోజు అదనంగా నడుపుతారు. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఛార్జీ ఎక్కువ, జాతర రోజు ఎలాగూ సెలవే. చాలామంది వేగం లాంచీ కోసం ఎగబడతారు. మేమైతే మామూలు లాంచీయే ఎక్కమంటాం. పెద్దది, ఎక్కువమంది పడతారు కాబట్టి వరస త్వరగా కదులుతుంది. మేడ మీద డీలక్స్ తరగతిలో ఏసీ ఉంటుంది, వెనక వైపు గాలికి కూర్చునే చోటు కూడా ఉంటుంది. అరవై దాటినవాళ్లకి ఆ కాస్త తేడా డబ్బు దండగ కాదు.

దీవిలో దిగాక ఎడమ వైపు తిరిగి, నీటి ఒడ్డు వెంబడే నడవండి. కార్లు, ఆటోలు ఉండవు. సైకిళ్లూ, సన్నటి సందుల్లో పట్టేలా చేసిన బుల్లి అంబులెన్సూ ఫైరింజనూ, అంతే. ఆరేడు నిమిషాల్లో గుడి ముందరి మైదానం వస్తుంది. నైవేద్యం బన్నులతో కప్పిన మూడు పెద్ద గోపురాలు దూరం నుంచే కనిపిస్తాయి.

ఊరేగింపు మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో మొదలవుతుంది. పదిన్నరకల్లా దీవిలో ఉండండి. పన్నెండు దాటాక వచ్చినవాళ్లని పోలీసులు తాళ్లు కట్టి ఒకే దిశలో నడిపిస్తారు, గుడి వైపు వెళ్లనివ్వక రేవు దగ్గరే ఉండిపోవాల్సి వస్తుంది. పాక్ షే వీధి, దానికి ఆనుకుని ఉన్న శాన్ హింగ్ వీధి ఇరుకుగా ఉంటాయి. అక్కడ నిలబడితే పిల్లలు మీకు చెయ్యెత్తు దూరంలో వెళ్తారు, బూట్ల మీద కుట్టుపూలు కూడా కనిపిస్తాయి. ఒడ్డు వెంబడి రోడ్డు వెడల్పు, గాలి వస్తుంది కానీ దూరం. మోకాళ్ల నొప్పి ఉంటే ఒడ్డునే ఉండి మడత పీట వేసుకోండి. గొడుగు తెరవకండి, వెనకవాళ్లకి ఏమీ కనిపించదు. టోపీ పెట్టుకోండి.

తిరుగు ప్రయాణం గురించి చాలామంది ఆలోచించరు. ఊరేగింపు అవగానే అందరూ ఒక్కసారిగా రేవు వైపు కదులుతారు. నాలుగు నుంచి ఆరు దాకా వరస వీధుల్లోకి పాకుతుంది. ఆ రెండు గంటలు గుడి వెనక వైపు, లేదా తుంగ్ వాన్ ఇసుక తీరంలో కూర్చుని చీకటి పడ్డాక లాంచీ ఎక్కండి. అందరూ వెళ్లాక దీవి చాలా బాగుంటుంది.

బస దీవిలోనే కావాలంటే నెలల ముందు చూసుకోవాలి, జాతర రోజుల్లో రేట్లు బాగా పెరుగుతాయి. దొరక్కపోతే రేవుకి దగ్గరగా ఉన్న షియుంగ్ వాన్‌లోనో, చౌకగా కావాలంటే సముద్రానికి అవతలి ఒడ్డున చిమ్ షా చుయ్‌లోనో దిగండి. చిమ్ షా చుయ్ నుంచి స్టార్ ఫెర్రీ పది నిమిషాల్లో 7వ రేవులో దింపుతుంది. అక్కణ్నుంచి 5కి నాలుగడుగులే.

ప్రశ్న: అన్నా, నేను కంటైనర్ షిప్పులో ఏబీని (ఏబుల్ సీమాన్, అంటే డెక్ మీద పనిచేసే నావికుణ్ని). ఏప్రిల్, మే నెలల్లో మా షిప్పు హాంకాంగ్ తగులుతుంది. షోర్ లీవ్ (ఒడ్డుకి దిగే సెలవు) దొరికితే ఈ జాతరకి వెళ్లి రాగలనా?
– ఒక సీమాన్, సోంపేట

జవాబు: తమ్ముడూ, నీకు లెక్క వేరు. పైన చెప్పిన రిజిస్ట్రేషన్ టూరిస్టులకి. నువ్వు సీమాన్‌గా దిగుతావు కాబట్టి షోర్ పాస్ సంగతి కెప్టెన్, ఏజెంటు చూడాలి. హాంకాంగ్ చేరడానికి రెండు మూడు రోజుల ముందే ఛీఫ్ ఆఫీసర్‌కి చెప్పుకో. షిప్పు రేవుకి కట్టాక అడిగితే టైం సరిపోదు.

టెర్మినల్ నంబరు కనుక్కో. 1 నుంచి 8 దాకా క్వాయ్ చుంగ్ వైపు, 9వది మాత్రం ఛింగ్ యీ దీవిలో ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు టాక్సీవాడికి ఉత్త ‘కంటైనర్ టెర్మినల్’ అని చెప్తే నీటికి అవతలి ఒడ్డున దింపే ప్రమాదముంది. షిప్పు పేరు, టెర్మినల్, బెర్త్ నంబరు, ఏజెంటు ఫోను ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. ఫోను ఛార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది.

క్వాయ్ చుంగ్ అయితే క్వాయ్ ఫాంగ్ స్టేషన్ నుంచి మెట్రోలో సెంట్రల్, సుమారు 25 నిమిషాలు. ఛింగ్ యీ అయితే తుంగ్ చుంగ్ లైను నేరుగా హాంకాంగ్ స్టేషన్‌కి. గేటు నుంచి స్టేషన్ దాకా, స్టేషన్ నుంచి రేవు దాకా నడక, మామూలు లాంచీలో గంట, అన్నీ కలిపితే ఒక వైపుకి రెండు గంటలకి తక్కువ కాదు. అసలు జాతర రోజైతే తిరుగు వరసకి ఇంకో రెండు గంటలు కలుపు. గేటు దాటిన దగ్గర్నుంచి రిపోర్ట్ చేయాల్సిన టైం దాకా పది గంటలు చేతిలో లేకపోతే ఆ రోజు వెళ్లొద్దు. షిప్పు తప్పితే నీ సీడీసీ (నావికుడి సర్వీసు పుస్తకం) మీద పడే మచ్చ ముందు ఏ జాతరా లెక్కలోకి రాదు.

ముందు రోజు దొరికితే అదే మంచిది. అప్పటికే గోపురాలు లేచి ఉంటాయి, వెదురు పందిట్లో కాంటన్ నాటకాలు ఆడుతుంటారు, జనం సగం కూడా ఉండరు. దీవిలో మూడు గంటలు చాలు.

ప్రశ్న: మేం గుడ్డు కూడా తినం. అక్కడ నాలుగు రోజులు ఏం తిని బతకాలి?
– ఒక పాఠకురాలు, పాలకొండ

జవాబు: చెంగ్ చౌలో మీకు మంచి రోజులే అవి, అమ్మా. జాతర మూడు రోజులూ దీవివాళ్లు మాంసం మానేస్తారు. అక్కడి మెక్‌డొనాల్డ్స్ కూడా పుట్టగొడుగుల బర్గర్ అమ్ముతుంది. అయితే ఒడ్డున చేపల హోటళ్లు టూరిస్టుల కోసం తెరిచే ఉండొచ్చు, కాబట్టి ప్రతి చోటా అడిగి తినండి. ‘సిక్ జాయ్’ అంటే శాకాహారం తింటాను అని. ‘జాయ్’ అనే అక్షరాన్ని ఫోన్లో ఫొటోగా ఉంచుకోండి. దుకాణం ముందు ఆ అక్షరం కనబడితే ధైర్యంగా ఆగొచ్చు.

బన్ను మైదాపిండిని పులియబెట్టి ఆవిరి మీద ఉడికించినది. మన ఇడ్లీ కంటే మెత్తగా, తెల్లగా ఉంటుంది. పైన ‘పింగ్ ఆన్’ అని ఎర్ర ముద్ర, అంటే క్షేమం అని. లోపల తామర గింజల ముద్దో, నువ్వులో, ఎర్ర చిక్కుళ్ల తీపి ముద్దో పెడతారు. తామర గింజల ముద్దలో పూర్వం పంది కొవ్వు వాడేవాళ్లు, అందుకని అది మాత్రం అడిగి కొనండి. నువ్వులదైనా సరే, ఒకసారి అడగడం మంచిదే.

దీవి దాటి నగరంలోకి వస్తే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఆకుకూర వేపుడులో కూడా ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల రసం) పోస్తారు, నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది, సూప్‌కి కోడి పొడి వేస్తారు. ‘నో మీట్’ అంటే ఇవేవీ వాళ్ల లెక్కలోకి రావు. చిమ్ షా చుయ్‌లోని చుంగ్‌కింగ్ మాన్షన్స్‌లో మన దేశపు భోజనం దొరుకుతుంది. హోటల్ గదుల్లో మామూలుగా నీళ్లు కాచే కెటిల్ ఉంటుంది కాబట్టి, అటుకులు, ఉప్మా పొడి, కంది పొడి పట్టుకెళ్తే పొద్దుటి పూట గడిచిపోతుంది. అక్కడి ప్లగ్గులు చదరపు మూడు కాళ్లవి, అడాప్టర్ మర్చిపోకండి.

ప్రశ్న: మా గుంటడు జిమ్‌కి వెళ్తాడు, మొన్న కృష్ణాష్టమికి ఉట్టి కొట్టింది వాడే. అక్కడ బన్నుల గోపురం ఎక్కే పోటీలో పాల్గొనొచ్చా?
– ఒక తండ్రి, చీపురుపల్లి

జవాబు: పాల్గొనలేడు, చూడొచ్చు. పోటీ హాంకాంగ్‌లో స్థిరంగా ఉండేవాళ్లకే. ముందు అర్హత పోటీలు పెట్టి, చివరికి 12 మందిని ఎంచి, వాళ్లకి తాళ్లతో కొండలెక్కే శిక్షణ ఇస్తారు.

ఇంత కట్టుదిట్టం ఎందుకో కూడా తెలుసుకోండి. పూర్వం వెదురు గోపురాల మీదికి ఊరి కుర్రాళ్లు వందల్లో ఎగబడేవాళ్లు. ఎంత పై బన్ను దొరికితే అంత అదృష్టమని నమ్మకం. 1978లో ఒక గోపురం కూలి చాలామంది గాయపడ్డారు. పోటీని ఆపేశారు. మళ్లీ 2005లోనే మొదలైంది, ఈసారి ఉక్కు చట్రంతో. ఇప్పటి పోటీ గోపురం ఎత్తు 14 మీటర్లు. ఎక్కేవాళ్ల నడుముకి తాడు. బన్నులు కూడా ప్లాస్టిక్‌వే, అసలు బన్నులు కాళ్ల కింద నలిగి పాడవుతున్నాయని 2007లో మార్చారు. మూడు నిమిషాల్లో ఎక్కి, సంచిలో వేసుకుని దిగాలి. పై వరస బన్నులకి పాయింట్లు ఎక్కువ.

పోటీ పండుగ రోజు అర్ధరాత్రి, గుడి ముందరి మైదానంలో. లోపలికి ఉచిత పాసులుంటాయి, ఆ రాత్రి వరసలో ముందున్నవాళ్లకే ఇస్తారు. పాస్ కావాలంటే సాయంత్రం ఏడు, ఎనిమిదికే వరసలో ఉండాలి. అవి అయిపోతే బయటి నుంచి గోపురం పై సగం కనిపిస్తుంది, టీవీలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఉంటుంది. పోటీ అయ్యాక సెంట్రల్‌కి లాంచీ దొరుకుతుంది కానీ దిగేసరికి రెండు దాటొచ్చు. అప్పటికి మెట్రో ఉండదు. ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే రాత్రి బస్సో, ఎర్ర టాక్సీయో పట్టుకోవాలి. మరి మెట్రోలోనే వెళ్దామంటే పది గంటలకల్లా లాంచీ ఎక్కేయాలి, పోటీ వదులుకోవాలి.

మే నెల అక్కడ వానల కాలం. వాన హెచ్చరికలు మూడు రంగులు: ఆంబర్, ఎరుపు, నలుపు. ఎరుపు, నలుపు వస్తే పోటీ ఆగిపోవచ్చు. తుపాను సిగ్నల్ 8 ఎగిరితే లాంచీలే ఆగిపోతాయి, దీవిలో ఉన్నవాళ్లు దీవిలోనే ఉండాలి. హాంకాంగ్ వాతావరణ శాఖ యాప్ ఫోన్లో వేసుకుని, పొద్దున బయల్దేరే ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి.

ప్రశ్న: ఆ బన్నులు ఇంటికి తేవచ్చా? ఎన్నాళ్లుంటాయి?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: మర్నాడు పొద్దున గుడి దగ్గర క్షేమం కోసమని బన్నులు పంచుతారు, పెద్ద వరస ఉంటుంది. పాక్ షే వీధి చుట్టుపక్కల దుకాణాల్లో కొనుక్కోవచ్చు కూడా. ఆ ఉక్కకి బయట ఉంచితే మర్నాటికే జిగురెక్కుతాయి. బయల్దేరే రోజున కొని, వేడి పూర్తిగా చల్లారాక కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టండి. వేడి మీద ప్లాస్టిక్ సంచిలో మూట కడితే చెమ్మ పట్టి, దారిలోనే పులుస్తాయి. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తినేయండి. గట్టిపడి ఉంటాయి కాబట్టి ఇడ్లీ పాత్రలో గుడ్డ పరిచి అయిదారు నిమిషాలు ఆవిరి పట్టించండి, మళ్లీ దూదిలా అవుతాయి. ఎర్ర ముద్ర కొంచెం చెదిరినా ఫరవాలేదు, అది తినే రంగే.